వెళ్లేముందు ఒక రాయి

బడి నుంచి, హెడ్మాస్టరు గది
బడి తెరిచిన వారం

బావగారికి,
మీ నత్త వంగి పెట్టే దండం.

మొత్తానికి కుర్చీలో కూర్చున్నాను. దానికి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టారు. మీరు రిటైరైన బడికే నన్ను హెడ్మాస్టరుగా వేశారని తెలిసిన రోజున మీరేమన్నారో అక్క చెప్పేసింది. "వాడా? వాడు గేటు దగ్గర్నుంచి గదిదాకా నడిచేసరికి మొదటి పీరియడు అయిపోతుంది" అన్నారట. చిన్నప్పుడు పరుగుపందెంలో ఆఖర్న వచ్చానని పెట్టిన పేరు, తల నెరిసినా వదలరన్నమాట. కానివ్వండి.

ఫోను చేద్దామనుకున్నాను. మీరు ఫోన్లో కూడా గ్రౌండులో పిల్లల్ని పిలిచినట్టే అరుస్తారనీ, పక్కింటివాళ్లు తలుపు కొడుతున్నారనీ, బావా బావమరుదులిద్దరూ ఉత్తరాలే రాసుకోవాలనీ అక్క ఆర్డరు. ఆవిడ మాట మీరే కాదనలేరు, నేనెంత?

వెనక గ్రౌండు మీరు వదిలినట్టే ఉంది. వెతికినా ఒక్క గడ్డిపరక లేదు. చెప్పులతో అడుగు పెట్టడానికి నాకే మొహమాటమేసింది. రాతి రోలరు గోడ పక్కనే ఉంది, పిల్లలు దాని మీద ఎక్కి కూర్చుంటున్నారు. మూలనున్న రాళ్లకుప్ప మాత్రం నాకంటే ఎత్తుంది.

ఒక సంగతి చూసి ఆశ్చర్యపోయాను. ఆటల పీరియడు అయిపోగానే పిల్లలందరూ వంగి, తలా ఒక రాయి ఏరి, ఆ కుప్పలో పడేసి క్లాసుకి వెళ్తున్నారు. ఎవరు చెప్పారంటే "రూలు సార్" అన్నారు. మీరు వెళ్లి నాలుగేళ్లయింది, మీ తర్వాత ఇంకో డ్రిల్ మాస్టారు రానేలేదు, రెండో తరగతి టీచరే ఆటలు ఆడిస్తున్నారు. అయినా రూలు రూలే. ఒకటో తరగతి పిల్ల ఒకతి రాయి దొరక్క గ్రౌండంతా తిరిగి తిరిగి, చివరికి గోడ పెచ్చు గీకి తెచ్చి వేసింది.

ఊరికే అడుగుతున్నాను బావా. వాన పడితే నీళ్లు ఏ మూల నిలుస్తాయి? ఎండ ఏ వైపు ఎక్కువసేపు ఉంటుంది? నేల ఎక్కడ కాస్త మెత్తన? తీరిగ్గానే రాయండి, తొందరేం లేదు.

మీ
నత్త


ఇంటి నుంచి, వంటగది
మధ్యాహ్నం

నత్తకి,
నిలబడి, గట్టిగా చదువు.

మీ అక్క ఆఫీసుకి వెళ్లింది. ఆవిడ ట్రాన్స్‌ఫరు పుణ్యమా అని ఈ ఊరొచ్చాక ఇంట్లో వంట నాదే. బీన్స్ తరుగుతూ మధ్యమధ్యలో రాస్తున్నాను. ముక్కలన్నీ ఒకే పొడుగులో, వరసలో ఉండాలి నాకు. కూరలో వేశాక వరస ఎక్కడుంటుందని మీ అక్క నవ్వుతుంది. నవ్వనీ.

గ్రౌండు గురించి అడిగావు. ఇన్నేళ్లలో అడిగిన మొదటి హెడ్మాస్టరువి నువ్వే. నేను చేరినప్పుడది గ్రౌండు కాదు, రాళ్ల దిబ్బ. మొదటి వారంలోనే ఒక పిల్లాడు పడి గడ్డం చీల్చుకున్నాడు. వాణ్ని భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. చొక్కా అంతా రక్తం. తిరిగొచ్చి ఆ రోజే రూలు పెట్టాను. గ్రౌండులోకి ఎవరొచ్చినా సరే, వెళ్లేముందు ఒక రాయి ఏరి మూల పడెయ్యాలి. ఒకసారి ఇన్‌స్పెక్షనుకి వచ్చిన పెద్దమనిషి చేత కూడా ఏరించాను. ఆయన మొహం మాడ్చుకుని ఏరాడు. శనివారాలు రోలరు లాగేవాళ్లం. నా చెమటంతా అక్కడే ఇంకిపోయిందిరా.

ఇక నీ ప్రశ్నలు. నీళ్లు నిలిచేది కుళాయి మూల. ఎండ బాగా పడేది తూర్పు గోడ పక్క, మధ్యాహ్నం దాటేదాకా ఉంటుంది. మెత్తన కూడా అక్కడే. లాంగ్ జంప్ కోసం గుంట తవ్వించి ఇసక పోయించాను, తర్వాత మంచి మట్టి తెప్పించి కలిపాను. ఆ గ్రౌండు మొత్తంలో నాకు ప్రాణం ఆ ముక్కే. పరుగుదారి మొదలయ్యేదీ అక్కడే.

దాచకు, నాకు అర్థమైంది. కొత్త పరుగుదారి వేయిస్తున్నావు. ఆటల పోటీలకి నేనొచ్చి చూసి నోరెళ్లబెట్టాలని నీ ప్లాను. నువ్వు పుట్టినప్పటి నుంచి నీ ప్లాన్లు నాకు తెలుసు.

వస్తాను. మోకాలి ఆపరేషను మూలంగా రెండేళ్లు రాలేకపోయాను, ఈసారి వచ్చి తీరతాను. రోజూ పొద్దున్నే మూడంతస్తులూ దిగి ఎక్కుతున్నాను. మొదట్లో గోడ పట్టుకునేవాణ్ని, ఇప్పుడు ఊరికే దాని మీద చెయ్యి ఆనిస్తున్నాను. విజిల్ తోమి మేకుకి తగిలించాను. మీ అక్కకి చెప్పకు గానీ, నాకు ఈ ఊళ్లో ఎదురుచూడటానికి ఇంకేం లేదు.

గట్టిగా చదివావా?

మీ బావ


బడి నుంచి, వరండా
మొదటి వానలు పడ్డాక

బావా,
కూర్చుని చదవండి. అక్క ఇంట్లో ఉన్నప్పుడు చదివితే ఇంకా మంచిది.

పరుగుదారి కాదు. తోట.

బడి తెరిచిన రోజున రెండో తరగతిలో బంగాళాదుంప ఎక్కడ కాస్తుందని అడిగాను. చెట్టుకి అన్నారు. ఒకడు కొట్లో అన్నాడు. వాడు చెప్పిందే కాస్త నిజానికి దగ్గరగా ఉంది. రేకుల గదుల్లో కూర్చోబెట్టి, ఆకు బొమ్మ గీసి, వేరు బొమ్మ గీసి, నాకే విసుగొచ్చింది. బయట ఇంత నేల పెట్టుకుని బొమ్మలేమిటని టీచర్లందరం మాట్లాడుకున్నాం. పాదులు చేద్దాం, పిల్లలే తవ్వాలి, పిల్లలే నాటాలి, సగం పాఠాలు అక్కడే చెప్పాలి అనుకున్నాం.

మిమ్మల్ని సూటిగా అడగాల్సింది. అడిగితే వద్దంటారని భయమేసి డొంకతిరుగుడుగా అడిగాను. మీరేమో అంత ప్రేమగా రాశారు. మీ ఉత్తరం చేత్తో పట్టుకుని వెళ్లి, ఎండ ఉండేదీ మెత్తనిదీ నీళ్లు నిలవనిదీ ఎక్కడో చూసుకుని, తూర్పు గోడ పక్కన సున్నంతో గీత గీయించాను. పరుగుదారి మొదలు దాని కిందకి పోయింది. గ్రౌండులో ఇంచుమించు సగం.

తవ్వకం కూడా అయిపోయింది బావా. మీ ఉత్తరం వచ్చిన మర్నాడే మొదలుపెట్టాం. అందుకే ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను. కలం పట్టుకోవడం, పెట్టేయడం, ఇదే పని.

తిట్టండి. మీరు తిడితే నాకు కాస్త నిమ్మళంగా ఉంటుంది.

మీ
నత్త


ఇంటి నుంచి

హెడ్మాస్టరు గారికి,

మీ ఉత్తరం అందింది.

తోట మంచిదే. దుంప ఎక్కడ కాస్తుందో పిల్లలకి తెలియాలి. దానికి నేను అడ్డం కాదు. "బావా, మీ గ్రౌండులో సగం కావాలి" అని ఒక్క ముక్క రాసి ఉంటే తిట్టేవాణ్ని. వారం రోజులు తిట్టి, ఆ తర్వాత ఇచ్చేవాణ్ని. ఇచ్చానన్న తృప్తయినా నాకు మిగిలేది. ఊరికే అడుగుతున్నానంటూ అడిగి, నా వేలితో నా కన్నే పొడిపించారు. ఏ ముక్క నాకు ప్రాణమో కూడా నేనే చెప్పాను, వెర్రివాణ్ని.

ఆటల పోటీలకి నేను రావడం లేదు. విజిల్ పార్సిలు చేయిస్తాను. ఎవరి చేతనైనా ఊదించుకోండి.

ఇట్లు
మాజీ డ్రిల్ మాస్టరు


అదే కవరులో, చిన్న చీటీ

తమ్ముడూ,

కవరు అంటించేది నేను, పోస్టు చేసేదీ నేను. కాబట్టి ఈ చీటీ సంగతి మీ బావకి తెలియదు.

విజిల్ పార్సిలు చెయ్యరులే, భయపడకు. మేకు మీంచి తీసి బీరువా అడుగు అరలో, పాత దుప్పట్ల కింద పెట్టారు. దాని గురించి కాదు నా దిగులు. మెట్లు దిగడం మానేశారు. మోకాలు నొప్పంటున్నారు. నొప్పి మోకాల్లో కాదని ఇద్దరికీ తెలుసు. పొద్దున్నే లేచి కిటికీ దగ్గర నిలబడతారు. కింద స్కూటర్లు పెట్టుకునే జాగా తప్ప ఏమీ లేదు. దాన్నే చూస్తూ ఉంటారు. మొన్న బీన్స్ ఎలా పడితే అలా తరిగారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇలాగే మూడోయేడు కూడా ఇంట్లో కూర్చుండిపోతే ఆ కాలు ఇంక లేవదని డాక్టరు ముందే చెప్పారు. నువ్వు చేసింది తప్పురా. తిడతానని నాకు చెప్పకుండా దాచావు చూడు, అది ఇంకో తప్పు. అయినా ఉత్తరాలు ఆపకు. ఆయన జవాబు రాయకపోయినా రాస్తూ ఉండు. నీ ఉత్తరం ఉతికే చొక్కా జేబులో దొరికింది, మడతలు చిరిగిపోయేలా చదివారు.

అక్క


బడి నుంచి, తూర్పు గోడ పక్క
వానలు ముదిరాక

బావా,

మీరు జవాబు రాయకపోయినా రాస్తాను. ఇకనుంచి దాపరికం లేదు. మంచీ చెడూ ఉన్నదున్నట్టు రాస్తాను, చదివి పారేయండి.

మంచి ముందు. మూడో తరగతి వాళ్లు కొలతల పాఠం పాదుల దగ్గర నేర్చుకున్నారు. పాదు చుట్టూ అడుగులతో కొలిస్తే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చింది. నాదే కరెక్టంటే నాదే కరెక్టని కొట్టుకున్నారు. అప్పుడు టీచరు స్కేలు ఎందుకు పుట్టిందో చెప్పింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. నాలుగో తరగతి వాళ్లు గోడ నీడ ఎక్కడిదాకా వచ్చిందో గంటగంటకీ సున్నంతో గీశారు. క్లాసులో నోరు విప్పని పిల్లాడొకడు, నీడ వెనక్కి వెళ్తోందని కేకలేశాడు. వాడి గొంతు వినడం అందరికీ అదే మొదటిసారి.

ఇక చెడు. బంగాళాదుంపలు రాలేదు.

నాలుగూ అయిదూ తరగతుల వాళ్లు ఒక సెలవు రోజున వచ్చి నాటారు. విత్తనం దుంపలు చిన్నవి, నిమ్మకాయంత. వేలెడు లోతున పెట్టి మట్టి కప్పి, అందరూ ఇళ్లకి వెళ్లబోయేముందు దాని చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. పక్క పాదుల్లో బీన్స్ బాగానే లేచాయి. ముల్లంగి లేచింది. దుంపలదే, అన్నిటికంటే పెద్ద పాదు, ఎలా ఉన్న మట్టి అలాగే ఉంది. వారాలు గడిచాయి. పిల్లలు రోజూ వచ్చి కూర్చుని చూసి వెళ్తున్నారు. అయిదో తరగతి పిల్ల నిన్న నన్ను పక్కకి పిలిచి "సార్, మనం తలకిందులుగా పెట్టామేమో" అంది.

బడంతా ఒకటే మాట. "డ్రిల్ మాస్టారి గ్రౌండది, అందులో పిల్లలు తప్ప ఏమీ పెరగవు" అన్నారు రెండో తరగతి టీచరు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మీ ప్రాణమైన ముక్క తీసుకున్నాను, దాన్ని బతికించలేకపోయాను.

ఏం చెయ్యమంటారు బావా?

నత్త


ఇంటి నుంచి, వంటగది

హెడ్మాస్టరుకి,

చదివాను. ముందు కాస్త సంతోషించాను. ఎందుకు అబద్ధం చెప్పాలి? బీన్స్ పొయ్యి మీద పెట్టి, "బాగా అయ్యింది" అని పైకే అన్నాను. మీ అక్క విని కళ్లెర్రజేసింది.

తర్వాత ఆ పిల్ల గురించి ఆలోచించాను. తలకిందులుగా పెట్టామేమో అందే, ఆ పిల్ల. పాపం, తప్పు తన మీద వేసుకుంది. అది నాకు నచ్చలేదు. పిల్లలు ఓడిపోవచ్చు, ఎందుకు ఓడారో తెలియకుండా మాత్రం ఓడకూడదు.

కాబట్టి నీ కోసం కాదు, ఆ పిల్ల కోసం చెబుతున్నాను. అది మట్టి తప్పు కాదు. ఆ మట్టి నేను తెప్పించింది, బంగారంలాంటిది. ఇది ఎలకల పని. ముమ్మాటికీ ఎలకలే. నా రోజుల్లో కూడా సామాన్ల గది నిండా ఎలకలే, తాడాట తాళ్లు కొరికేసేవి. పాదు తవ్వి చూడు. దుంపలు కుళ్లి ఉంటే నీళ్లెక్కువయ్యాయి. అసలు లేకపోతే ఎలకలు. బోను పెట్టించు.

తవ్వేటప్పుడు పిల్లల్ని దగ్గరుంచుకో. వాళ్లకి తెలియాలి.

మోకాలు ఎలా ఉందని అడగలేదు నువ్వు. బాగాలేదు.

బావ


బడి నుంచి, రాళ్లకుప్ప ఎదురుగా కుర్చీ వేసుకుని

బావా, బావా,

మీరు నిలబడి చదివినా సరే, కూర్చుని చదివినా సరే, దేన్నైనా పట్టుకుని చదవండి.

మీరు చెప్పినట్టే పిల్లలందరి ముందూ పాదు తవ్వించాను. కుళ్లిన దుంప లేదు, మంచి దుంప లేదు, దుంప తొక్క కూడా లేదు. ఖాళీ! బావ చెప్పిందే నిజం, ఎలకలేనని బోను పెట్టించాను. ఎలక పడలేదు. రెండో తరగతి టీచరు టిఫిను డబ్బా మూత పడింది, అదెలా పడిందో ఎవరికీ అంతుబట్టలేదు.

నిన్న పొద్దున ఆయా వరండా ఊడ్చి, చెత్త పడేద్దామని మూలకి వెళ్లింది. మీకు తెలుసుగా, ఆవిడ ఆకులూ దుమ్మూ అన్నీ మీ రాళ్లకుప్ప మీదే పోస్తుంది, ఎన్నేళ్లుగానో. అక్కడ నిలబడి ఒక్క కేక పెట్టింది. పామేమోనని కర్ర పట్టుకుని పరిగెత్తాను. అవును, నేను పరిగెత్తాను.

కుప్పంతా పచ్చగా ఉంది బావా. రాళ్ల సందుల్లోంచి, కుళ్లిన ఆకుల్లోంచి, ఈ వైపూ ఆ వైపూ మొక్కలే. ఒక మొక్క పట్టుకుని మెల్లిగా లాగితే వేళ్లకి గోళీలంత దుంపలు వేలాడుతున్నాయి. మన బంగాళాదుంపలే!

ఒకటో తరగతి వాళ్లని పిలిచాను. మొదటి రోజు గోడ పెచ్చు గీకి తెచ్చిందని రాశానే, ముందు పన్ను ఊడిన పిల్ల, అదే ముందుకొచ్చింది.

"ఇక్కడికి ఇవెలా వచ్చాయమ్మా?"

"రాళ్లు సార్. మేమే ఏరాం."

"ఎక్కడ ఏరారు?"

"అక్కడ" అని దుంపల పాదు చూపించింది. "గ్రౌండులో రాళ్లు అయిపోయాయి సార్. ఎంత వెతికినా దొరకలేదు. అక్కడ మెత్తమట్టిలో చెయ్యి పెడితే బోలెడు దొరికాయి. రోజూ తలా ఒకటి ఏరేశాం. ఇప్పుడు ఒక్కటి కూడా లేదు సార్, మొత్తం శుభ్రం చేసేశాం."

నాటింది సెలవు రోజున. ఒకటో తరగతి వాళ్లెవరూ ఆ రోజు రాలేదు. అందులో ఏముందో వాళ్లకి ఎవరూ చెప్పలేదు, నాతో సహా. మట్టి పట్టిన చిన్న దుంపకీ రాయికీ తేడా ఏముంటుంది? అంత గొప్పగా తోట వేసి, పక్కనే మీ రూలు నడుస్తోందని ఒక్కరికీ తట్టలేదు.

కోప్పడదామని నోరు తెరిచాను. దాని మొహం చూస్తే మెచ్చుకుంటారని ఎదురుచూస్తోంది. "చాలా బాగా ఏరారమ్మా" అన్నాను. ఇంకేమంటాను? "డ్రిల్ మాస్టారు చూస్తే సంతోషిస్తారా సార్?" అని అడిగింది.

నేనిక్కడ కూర్చుని ఆలోచించాను. తోటకి మీ గ్రౌండు అక్కర్లేదు బావా, మీ కుప్ప చాలు. రాళ్లు మెట్లుమెట్లుగా పేర్చుకుంటే పాదులవుతాయి. మీరు ఊ అంటే తూర్పు గోడ పక్కది పూడ్పించేస్తాను. పరుగుదారి మళ్లీ ఎప్పట్లాగే వేయిస్తాను. రోలరు లాగించడం మాత్రం మాలో ఎవరికీ రాదు. ఈసారి సూటిగా అడుగుతున్నాను. మీరు రావాలి. ఆటల పోటీలు దగ్గరకొచ్చాయి.

మీ మోకాలు ఎలా ఉంది?

మీ
నత్త


ఇంటి నుంచి, మెట్ల మీద

నత్తకి,
ఇక కూర్చో.

కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఎలకలట, ఎలకలు! మీ అక్క స్నానాల గదిలోంచి కంగారుగా వచ్చింది. పక్కింటాయన తలుపు కొట్టాడు. ఆయనకీ చదివి వినిపించాను. ఆయనా నవ్వాడు, మా ఇద్దరి మధ్యా మాటలు నడవడం అదే మొదలు.

నవ్వీ నవ్వీ తర్వాత ఏడ్చాను. దాచడమెందుకు? నేను నేలని చూసుకుని ఏడ్చాన్రా ఇన్నాళ్లూ. ఆ పిల్ల నన్నెప్పుడూ చూడలేదు కదా? నా మొహం తెలియదు, నా గొంతు తెలియదు. అయినా నేను సంతోషిస్తానా అని అడిగింది. నాకింకేం కావాలి?

ఇప్పుడు విను. తూర్పు గోడ పక్కది పూడ్చకు. పూడ్చావంటే నీ కాళ్లు విరగ్గొడతాను. ఒకసారి తవ్విన నేలని మళ్లీ అణగదొక్కడమెందుకు? వారం రోజులు తిట్టి ఇస్తానన్నాను గుర్తుందా? తిట్టడం అయిపోయింది. ఇచ్చేశాను. కుప్ప కూడా నీదే. ఆ రాళ్లు తెచ్చి పాదుల చుట్టూ గట్టు కట్టండి, అప్పుడే ఏది గ్రౌండో ఏది పాదో ఎవరికైనా తేడా తెలుస్తుంది.

పరుగుదారి గట్టు చుట్టూ తిరుగుతుంది. ఎలా తిప్పాలో నేనొచ్చి గీస్తాను, నువ్వు సున్నం ముట్టుకోకు. అంతదాకా ఒకటో తరగతి వాళ్ల చేత రాళ్లు ఏరించకు, ముల్లంగి కూడా పీకి కుప్పలో వేస్తారు.

మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. రెండంతస్తులు దిగాను. మూడోది ఈ ఉత్తరం అయ్యాక.

బావ


బడి నుంచి, తూర్పు గోడ పక్క
ఆటల పోటీల సాయంత్రం

ఆఫీసరమ్మకి,

క్షేమంగా చేరాను. బస్సు దిగగానే ఫోను చెయ్యమన్నావు, మర్చిపోయాను. తిట్టుకుంటావని తెలిసి ఉత్తరం రాస్తున్నాను. నీ తమ్ముడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చూడగానే నా సంచి లాక్కున్నాడు. వాడి జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది, చూశావా నువ్వు?

వాడు లోపల పనిలో ఉండగా నేనొక్కణ్నే గ్రౌండుకి వెళ్లాను. గ్రౌండు అంచు దగ్గరే ఒక పిల్ల ఆపేసింది. ముందు పన్ను లేదు. చూడగానే తెలిసిపోయింది, ఆ పిల్లే.

"తాతా, చెప్పులు విప్పు."

"ఎందుకమ్మా?"

"ఇది డ్రిల్ మాస్టారి గ్రౌండు."

"ఆయనెవరు?"

"నువ్వు చూళ్లేదా? నేను కూడా చూళ్లేదు. గోడంత ఉంటారట. బోలెడు కోపమట. కానీ ఎవరైనా పడిపోతే భుజాన వేసుకుని పరిగెత్తుతారట."

నేనేనమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. గోడంత మనిషిని పట్టుకుని ఇంత మనిషిగా చేసెయ్యడం ఎందుకనిపించింది. బుద్ధిగా చెప్పులు విప్పాను. వంగితే మోకాలు కలుక్కుమంది, ఆ పిల్ల తన భుజం ఇచ్చింది, పట్టుకుని లేచాను.

పాదులు బాగున్నాయి. వరసలు వంకర. నేను చెప్పకుండా ఉండలేకపోయాను, రెండో తరగతి టీచరు నా మొహం మీదే నవ్వింది. గట్టు నా రాళ్లతోనే కట్టారు. ఒక్కొక్క రాయీ ఎవరో ఒక పిల్లాడు వంగి తీసింది. తలుచుకుంటే ఎంతమంది మొహాలో కళ్ల ముందు కదిలాయి.

పందేల సంగతి చెప్తాను. రాగానే దారిని గట్టు చుట్టూ తిప్పి గీశాను, మలుపులున్నాయి కదా, అందుకని కొత్త పందెం పెట్టాను. నిండా నీళ్లున్న డబ్బా పట్టుకుని పాదుల చుట్టూ తిరిగి రావాలి. ఎవరు ముందొచ్చారన్నది లెక్క కాదు, ఎవరి డబ్బాలో ఎక్కువ నీళ్లు మిగిలాయన్నదే లెక్క. ఆ నీళ్లు పాదులో పోయాలి. టీచర్లకి కూడా పెట్టాను. నీ తమ్ముడు అందరికంటే ఆఖర్న వచ్చాడు, ఒక్క చుక్క తొణకలేదు. జన్మలో మొదటిసారి పందెం గెలిచాడు. కళ్లు తుడుచుకున్నాడు, చెమట అన్నాడు.

పందెం మొదలుపెట్టడానికి విజిల్ ఊదాను చూడు, అప్పుడు ఒకటో తరగతి వరసలో ఆ పిల్ల గభాల్న తలెత్తింది. నా వంక చూసింది. విజిల్ వంక చూసింది. కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి, చేతులు పక్కలకి ఆనించి నిలబడింది. అలా నిలబడమని దానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను వెంటనే రెండోసారి ఊదలేకపోయాను.

చివర్లో, గట్టుకి పోగా మిగిలిన కుప్పలోంచి దుంపలు తీశారు. పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చాం. కొందరికి చిన్నవి, కొందరికి మరీ చిన్నవి. నాక్కూడా ఒకటి ఇచ్చారు, నీకు తెస్తాను. వండుకు తినకు, దాచుకో. కాదులే, వండేది నేనేగా.

అందరూ వెళ్లిపోయారు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఆ పిల్ల సంచి భుజాన వేసుకుని గేటుదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. ఈసారి తాతా అనలేదు.

"మాస్టారూ, మీరు రాయి వేశారా?"

"ఇంకా లేదమ్మా."

"వెళ్లేముందు వెయ్యాలండీ."

"అవునమ్మా. వెళ్లేముందు వెయ్యాలి."

తల ఊపి వెళ్లిపోయింది.

రేపు రోలరు చూడాలి, దాని ఇరుసు తుప్పు పట్టింది. ఎల్లుండి ముల్లంగి వరసలు సరిచెయ్యాలి. వారంలో రెండు రోజులు వచ్చి పిల్లల్ని ఆడించి వెళ్లమని నీ తమ్ముడు అడిగాడు, సూటిగానే అడిగాడు. ఈసారికి పది రోజులుంటానని చెప్పాను. ఆ తర్వాత ఇంటికొచ్చి నీకు బీన్స్ తరిగిపెట్టి మళ్లీ వస్తాను. సెలవు దొరికితే నువ్వూ రా, ఒక పందెం నీకూ పెడతాను.

నేను వెయ్యాల్సిన రాయి ఒకటి ఏరి ఉంచాను. జేబులోనే ఉంది.

నీ
డ్రిల్ మాస్టరు